తవుడుమీద పండించు మందు

ముసురు పట్టిన దినములలో గాదెలోని గింజలకును, ఉట్టిమీది రొట్టెకును, మూలనున్న తోలుచెప్పులకును బూజు పట్టుట మనకందరకును తెలిసిన విషయమే. బూజుపట్టిన పదార్థమును చూడగానే ఇంటి యిల్లాలు దానిని పెంటకుప్పమీద పారవేయును. ఆమె చేయు పని ముమ్మాటికి సరియైనది. అయినను, అట్టి బూజులలో నొకదానిని బుద్ధిపూర్వకముగా తవుడుమీద పెంచి, దానినుండి గుండెజబ్బును దూరముగా నుంచు మందును తీయు విధానమును గూర్చి యీ సాయంకాలము మీకు మనవి చేయదలచినాను. పారవేయదగిన బూజేది, పండింపదగిన బూజేది, ఆ రెంటి నడుమ నున్న గీత యెక్కడ నున్నది, అనునదియే నా ప్రసంగ విషయము. ఆ గీతను తెలియక దాటి ప్రాణాపాయమునకు లోనైనవారు మన దేశమునను, ఇతర దేశములలోను గలరు. కనుక ఇది కేవలము వింతకై చెప్పుకొను ముచ్చట కాదు.

మొదట బూజు అనగా నేమో చూతము. అది వర్షకాలమున పుట్టలమీద మొలచు పుట్టగొడుగునకు చుట్టము. చెట్టుచేమలకు వలె దానికి పచ్చదనపు శక్తి లేదు. ఎండనుండి తన ఆహారమును తాను వండుకొనజాలదు. సాలెపట్టువంటి సన్నని దారములను గింజలోనికి దింపి, వానినుండి జీర్ణరసములను బయటికి వదలి, అచ్చటనే పిండిని కరగించి, ఆ కరగినదానిని లోనికి పీల్చుకొనును. మనము తిని పిదప జీర్ణించుకొందుము. బూజు జీర్ణించి పిదప తినును. అది కడుపు నిండిన తరువాత ధూళికన్న సూక్ష్మములైన బీజరేణువులను గాలిలోనికి వదలును. మన కన్నులకు పచ్చగను, నల్లగను, గోధుమవర్ణముగను కనబడు పొడి ఆ రేణువుల రాశియే.

ఒక గింజకొరకు పోటీపడు సూక్ష్మజీవులు వేనవేలు. అందుచేత పలురకముల బూజులు తమకు పోటీగా వచ్చు జీవులను అణచునట్టి రసాయనములను తయారుచేయును. 1928వ సంవత్సరమున లండను నగరములో అలెగ్జాండరు ఫ్లెమింగు అను వైద్యుడు ఒక బూజు చుట్టును సూక్ష్మజీవులు నశించుట కనిపెట్టెను. పెన్సిలిన్ అను మందు అట్లు లోకమునకు తెలిసినది. ఆ వార్త పిదపి తరముల శాస్త్రజ్ఞులకు ఒక త్రోవ చూపినది. వారిలో జపాను దేశస్థుడగు అకీరా ఎండో ఒకడు.

ఎండో 1933లో ఉత్తర జపానులోని అకీతా ప్రాంతమున రైతుకుటుంబమునందు జన్మించెను. పెరిగి పెద్దవాడై శాంక్యో అను మందుల సంస్థలో చేరెను. ఆ కాలమున వైద్యలోకమును కలవరపెట్టుచున్న విషయము కొలెస్టరాల్ అను కొవ్వుజాతి పదార్థము. ఇది స్వతః చెడ్డది కాదు. శరీరములోని ప్రతికణముయొక్క గోడకును ఇది కావలెను. ఆహారమున కొంత వచ్చినను, చాలభాగమును మన కాలేయము మొదలగు అవయవములు తామే తయారుచేసికొనును. కాని రక్తమున నది మితిమీరినచో, పంటకాలువలో ఒండ్రు పేరుకొన్నట్లు రక్తనాళముల గోడలలో పేరుకొని, గుండెకు పోవు రక్తమునకు దారి ఇరుకు చేయును. దారి హఠాత్తుగ మూసికొనుటయే గుండెపోటు.

బూజులలో కొన్ని తమ శత్రువులను చంపుటకు, ఆ శత్రువులకు ప్రాణాధారమైన యిట్టి కొవ్వు తయారుగాకుండ అడ్డుపడు పదార్థమును చేయవచ్చునని ఎండో ఊహించెను. అట్టి పదార్థము దొరకినచో అది మనుష్యుని కాలేయములోను కొలెస్టరాల్ తయారగుటను తగ్గింపగలదు గదా! 1971లో పని ఆరంభించి రెండేండ్లలో ఆయనయు ఆయన తోడివారును ఆరువేలకు పైగా సూక్ష్మజీవులను పెంచి పరీక్షించిరి. నడుమ ఒక పదార్థము దొరకినది. అది కొలెస్టరాలును తగ్గించెను గాని మూత్రపిండములకు విషమయ్యెను. దాని పేరు సిట్రినిన్. దానిని విడిచిపెట్టిరి. ఆ పేరును మీరు జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన. దానితో మనకు మరల పని కలదు.

1973లో, క్యోటో నగరపు ధాన్యపు అంగడినుండి తెచ్చిన బియ్యములో దొరకిన నీలిపచ్చని బూజునందు వారు కోరిన పదార్థము లభించెను. దానికి కాంపాక్టిన్ అని పేరు. పిమ్మట 1978లో అమెరికా దేశపు మెర్కు సంస్థలో ఆల్బర్ట్సు అను శాస్త్రజ్ఞుని బృందము, మట్టిలో నివసించు ఆస్పర్జిల్లస్ టెరియస్ అను బూజునుండి అంతకన్న శ్రేష్ఠమైన పదార్థమును తీసినది. 1979లో ఎండో మోనాస్కస్ అను ఎఱ్ఱబూజునుండి తీసిన పదార్థమును దానితో పోల్చి చూడగా, రెండును ఒక్కటియే యని తేలినది. అదియే లోవాస్టాటిన్. 1987లో అమెరికా ప్రభుత్వము దానిని మందుగా వాడుటకు అనుమతించెను. ఈ జాతి మందులలో మొట్టమొదట అట్టి అనుమతి పొందినది అదియే. తన అన్వేషణ ఫలము లోకమంతట వ్యాపించుట కనులార చూచి, ఎండో 2024లో పరమపదించెను.

ఇక ఈ బూజును పెంచు విధము. ఇందుకు రెండు మార్గములు గలవు. పెద్ద ఉక్కుతొట్లలో చక్కెరవంటి ఆహారము కలిపిన నీటిని నింపి, గాలి ఊదుచు కలియబెట్టుచు అందులో బూజును పెంచుట మొదటిది. లోవాస్టాటిన్ ను ఈ మార్గమునను విరివిగా తయారుచేయుదురు. రెండవది తడిపిన తవుడువంటి ఘనపదార్థముమీదనే పెంచుట. ఇచట పారు నీరుండదు, చెమ్మమాత్రమే యుండును. దీనిని శాస్త్రజ్ఞులు ఘనస్థితి కిణ్వనమందురు. కిణ్వనమనగా పులియుట. మన ఇడ్లీపిండి నీటితో జారుగా పులియును. ఇది పొడిగా పులియుటయని భావించుడు. ఆలోచించినచో బూజునకు సహజమైన కాపురము ఇదియే. అది చెరువులో ఈదు జీవి కాదు. తడిసిన దుంగమీద, రాలిన ఆకుమీద, చెమ్మగిల్లిన గింజమీద బ్రతుకునది.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. జపానులో ఉడికించిన బియ్యముమీద కోజీ అను బూజును పెంచి, దానితో మద్యమును, సోయాపులుసును చేయుట అనేక శతాబ్దులనుండి గలదు. జోకీచి తకమీనె అను జపాను రసాయనశాస్త్రజ్ఞుడు అమెరికాకు పోయి, బియ్యమునకు బదులు చౌకయైన గోధుమ తవుడుమీద ఆ బూజును పెంచి, అన్నములోని పిండిపదార్థమును జీర్ణింపజేయు మందును తీసి, 1894లో దానికి హక్కుపత్రము పొందెను. టాకా డయాస్టేజ్ అను పేరుతో ఆ మందు అజీర్ణరోగులకు చిరకాలము ఉపయోగపడెను. తవుడుమీది బూజునుండి మందు తీయు కర్మాగారపు విద్యకు దానినే ఆద్యముగా చెప్పుకొనవచ్చును.

ఇచట మన తెలుగువారికి సంబంధించిన చిన్న విశేషమొకటి. 1972లో ఘనస్థితి కిణ్వనమును గూర్చి సమగ్రమైన వ్యాసము వ్రాసి శాస్త్రలోకపు దృష్టిని మరల దానివైపు త్రిప్పినవాడు హెసెల్టైన్ అను అమెరికను పండితుడు. ఆయనయే 1953లో తాను కనుగొన్న ఒక శిలీంధ్రజాతికి, మన భీమవరమున పుట్టి అమెరికాలో మందుల పరిశోధనకు నాయకత్వము వహించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము సబ్బారోమైసెస్ అని పేరు పెట్టెను. బూజుల లోకమునందును ఒక తెలుగుపేరు నిలిచియున్నది.

ఇప్పుడు లోవాస్టాటిన్ పంటను విత్తుటనుండి నూర్చుటవరకు వరుసగా చెప్పెదను. ఇది నిజముగా ఒక సేద్యమే. తవుడు పొలము, బీజరేణువులు విత్తనము, చెమ్మ నీటితడి, గది వాతావరణము. రైతునకు గల చింతలన్నియు ఇందును గలవు.

మొదట గోధుమ తవుడును తీసికొందురు. దానియందు పిండియు, మాంసకృత్తులును, లవణములును బూజునకు చాలినన్ని గలవు. పొట్టుపొట్టుగా నుండుటచే నడుమ గాలి ఆడును. దానిని నూటికి 50 మొదలు 65 పాళ్లవరకు నీరుండునట్లు తడుపుదురు. పిడికిట నొక్కిన ముద్ద కావలెను, వ్రేళ్లసందున నీరు కారరాదు. నీరు తక్కువైన బూజు ఎండును. ఎక్కువైన గాలి ఆడక, పుల్లని వాసన కొట్టు ఇతర సూక్ష్మజీవులు చొచ్చును.

పిదప ఆ తవుడును మూసిన పాత్రలో ఆవిరి ఒత్తిడిచే 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి తెత్తురు. అందు ముందే దాగియున్న జీవములన్నియు నశింపవలెను. ఇది కలుపు తీయుట. కాని విత్తకముందే తీయవలసిన కలుపు. చల్లారిన తరువాత శుద్ధమైన బూజు రేణువులను నీటిలో కలిపి తవుడునకు పట్టింతురు. రైతు బెరకులేని విత్తనమును వెదకినట్లు, ఇచటను ఒక్క జాతియే, అందును మందును ఎక్కువగా ఇచ్చు ఒక్క వంగడమే యుండవలెను. దానిని ప్రయోగశాలలో గాజుగొట్టములలో తరతరములుగా కాపాడుదురు.

తరువాత తవుడును పళ్లెములలో పలుచగా పరచి 28 డిగ్రీల ప్రాంతమున నుంచుదురు. పలుచగా నేల పరుపవలెను? పచ్చిగడ్డిని వామి వేసినచో లోపల సెగ పుట్టుట మీరెరుగుదురు. పెంటకుప్పలో చేయి పెట్టిన వేడి తగులును. బూజును అట్లే పెరుగుచు వేడిని పుట్టించును. మందముగా పోసిన తవుడులో ఆ వేడి బయటికి పోక బూజు తన సెగకు తానే మాడును. ప్రయోగశాలలో ఇట్టి పళ్లెములను నేను చూచియున్నాను. పైకి నిశ్చలముగ నుండును. కాని లోపలి వేడిమిని కనిపెట్టుటకు కావలివాడున్నట్లు కొలమాని ఎల్లప్పుడును అందు గ్రుచ్చి యుండును. కిలోలలో చేసిన పనిని టన్నులలో చేయుటకు ఈ పద్ధతిలో గల ప్రధానమైన చిక్కు ఈ వేడిమియే.

మొదటి దినములలో తెల్లని దారములు తవుడును అల్లుకొనును. పిదప దాల్చినచెక్క వన్నె రేణువులు పైకి తేలును. మందు మొదటినుండియే తయారుకాదు. పైరు పెరుగుట మందగించి వెన్ను వేసినట్లు, బూజు ఎదుగుదల తగ్గిన పిమ్మటనే మందు అధికముగా చేరును. అందుకు సుమారు వారము మొదలు పది దినములు పట్టును.

కోతకు వచ్చిన తవుడును ఆరబెట్టి, పొడిచేసి, మందును తనలో కరగించుకొను ద్రవములో నానబెట్టి వడకట్టుదురు. ఆ వడకట్టులో మందొక్కటే యుండదు. బూజు చేసిన ఇతర పదార్థములు, రంగులు, కొవ్వులు అన్నియు దిగును. వానిని విడదీసి, మరల మరల స్ఫటికములుగా కట్టించి, తుదకు తెల్లని పొడిని పొందుదురు. కిలో తవుడునకు దక్కునది కొద్ది గ్రాములు మాత్రమే. అయినను ఒక్క గ్రామునుండి 20 మిల్లీగ్రాముల మాత్రలు యాబది వచ్చును. ఆ పొడిలో మందెంత, మలినమెంత అని పరీక్షించి, హద్దు మించిన రాశిని పారవేయుదురు. పెంచుటకన్న ఈ శుద్ధియు పరీక్షయునే కష్టతరములు, ముఖ్యతరములు.

మన దేశమునను ఈ విద్య నిలద్రొక్కుకొన్నది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు ఘనస్థితి కిణ్వనముపై విశేషకృషి చేసిరి. బెంగుళూరులోని బయోకాన్ సంస్థ 1990లో ఈ పద్ధతిని కర్మాగారపు స్థాయికి తెచ్చెను. 2001లో అదే సంస్థ తయారుచేయు లోవాస్టాటిన్ కు అమెరికా ఔషధాధికారుల ఆమోదము లభించెను.

ఇంతవరకు విన్న మీలో నొకరు, "తవుడు మన యింట నున్నది, చెమ్మ మన యింట నున్నది, బూజు దానంతట నదే వచ్చును. మందుకై అంగడికి పోనేల?" అని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానమే నా ప్రసంగమునకు ప్రాణము.

చీనాదేశమున ఎఱ్ఱబూజు పెంచిన బియ్యమును ఆహారమునకు రంగుగాను, ఔషధముగాను ప్రాచీనకాలమునుండి వాడుదురు. అందు లోవాస్టాటిన్ పదార్థమే సహజముగా నుండునని చెప్పితిని గదా. కాని ఆ ఎఱ్ఱబూజులలో కొన్ని వంగడములు సిట్రినిన్ ను కూడ చేయునని 1995లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. మూత్రపిండములకు విషమని ఎండో విడిచిపెట్టిన పదార్థము అదియే. ఒకే పళ్లెములో, ఒకే బూజు చేతిలో, మందును విషమును ప్రక్కప్రక్కన పుట్టవచ్చునన్నమాట.

అంతకన్న విచారకరమైన సంగతి 2024లో జపానులోనే జరిగినది. ఎఱ్ఱబియ్యపు మాత్రలను మందుగా గాక ఆహారపు చేర్పుగా అమ్మిన సంస్థ యొకటి, మార్చినెలలో ఆ మాత్రలను వెనుకకు తీసికొనవలసి వచ్చెను. వానిని తిన్నవారికి మూత్రపిండములు చెడినవి. వందలమంది ఆసుపత్రులలో చేరిరి. విచారింపగా, కర్మాగారములో ఎఱ్ఱబూజుతోపాటు ఒక నీలిబూజు చొరబడి, ప్యూబెరులిక్ ఆమ్లమను పదార్థమును చేసినదని తేలెను. ఒక్క కలుపుమొక్క చేనినంతటిని విషము చేసినది. శతాబ్దుల అనుభవము గల దేశములో, యంత్రములు గల కర్మాగారములో ఇట్లు జరిగినచో, మన యింటి అటకమీద ఏమి జరుగునో ఊహింపుడు.

మన పంటలకు సంబంధించిన విషము మరియొకటి గలదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చెను. వానికి పెట్టిన వేరుసెనగ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు విషము చేరియుండెను. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. ఈ విషబూజును, మందునిచ్చు బూజును ఒకే కుటుంబపు బిడ్డలని గమనింపుడు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని జనులు కామెరలతో మంచము పట్టిరి. నూరుమందికి పైగా మరణించిరి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అచటికి పోయి ఆ మరణములకు కారణము అఫ్లటాక్సిన్ అని నిర్ధారించిరి. ఆ విషము కాలేయమును చెరచును. వండినను వేచినను పూర్తిగా నశింపదు. పశువునకు పెట్టిన పాలలోనికి దిగును.

కాబట్టి పెద్దలారా, బూజును కన్నుతో చూచి మంచిచెడ్డలు చెప్పుట ఎవ్వరికిని సాధ్యము కాదు. రంగు సాక్ష్యము కాదు. వాసన సాక్ష్యము కాదు. మందును విషమునుండి వేరుచేయునది శుద్ధమైన విత్తనము, కొలిచిన చెమ్మ, కనిపెట్టిన వేడిమి, స్ఫటికము కట్టించిన శుద్ధి, తుదిని నిష్పక్షపాతమైన పరీక్ష. ఈ అయిదును గలచోట బూజు సేవకుడు. ఇందొక్కటి తప్పినను అదియే యజమాని.

ఈ తెలివి మన గ్రామములలో ఆచరణకు రావలెనన్నచో చేయవలసినవి కొన్ని గలవు. వేరుసెనగ కాయలను, మొక్కజొన్నను గలగల మ్రోగునట్లు ఎండబెట్టి గాని నిలువ చేయకుడు. నేలకు తగులకుండ బల్లలమీద నెత్తుగా నుంచుడు. ముడుచుకొనిన గింజను, రంగుమారిన గింజను, బూజుగింజను ఏరివేయుడు. ఏరినదానిని బీదలకు దానము చేయకుడు, కోళ్లకు చల్లకుడు, గేదెకు పెట్టకుడు. దానిని తగులబెట్టుటయో పాతిపెట్టుటయో మేలు.

మీలో కొందరికి వైద్యులు కొలెస్టరాల్ మాత్రలు వ్రాసియిచ్చి యుందురు. నేడు ఎక్కువగా వాడు అటొర్వాస్టాటిన్, రొసువాస్టాటిన్ అను మందులు రసాయనక్రియచే చేయబడునవి. సింవాస్టాటిన్ అనునది బూజునిచ్చిన లోవాస్టాటిన్ ను కొంచెము మార్చి చేసినది. అన్నింటికిని మూలమైన ఊహ బూజు నేర్పినదే. ఒంటిలో బాగున్నదని ఆ మాత్రలను మీయంతట మీరు మానవలదు. కొవ్వు పేరుకొనుట నొప్పిలేక జరుగును. కారణము తెలియని కండరముల నొప్పిగాని, మూత్రము ముదురురంగుగ వచ్చుటగాని కనబడినచో వెంటనే వైద్యునకు తెలుపుడు. ప్రకృతిసిద్ధమని చెప్పి అమ్ము ఎఱ్ఱబియ్యపు మాత్రలను వైద్యుని అడుగక వానితో కలుపవలదు. ఒకే మందును రెండింతలు మ్రింగినట్లగును.

తడిసిన గింజమీద బూజు పుట్టుట ప్రకృతి ధర్మము. అందులోనుండి మందును తీసికొనుట మానవుని బుద్ధి. మన యింట పుట్టిన బూజును భయపడి పారవేయుటయు ఆ బుద్ధిలోని భాగమే. రానున్న పంటకు ఈ మాటలను మీ యిరుగుపొరుగువారికి, ముఖ్యముగా గింజలు ఏరు మన ఆడబడుచులకు తెలియజేయుదురని నమ్మి, మీయొద్ద సెలవు పుచ్చుకొనుచున్నాను.